నేను వద్దన్న పూట

మలికిపురం,
22-8-2008

వదినగారికి,

మీ మరదలు విజయదుర్గ నమస్కారాలు. మీరు భిలాయి క్షేమంగా చేరారని మీ తమ్ముడు చెప్పారు. అన్నయ్యగారికి నమస్కారాలు, సత్యప్రియకి ముద్దులు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నవ్వుకుంటారేమో. ఫోను ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది. మాట్లాడమని చేతికిస్తే పక్కన ఎవరో ఒకరు నిలబడతారు. నాకు నోరు పెగలదు. కాగితమైతే నా మొహం చూడదు. ఏడో తరగతితో ఆగిన చదువు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీరు వెళ్ళిన మర్నాటి నుంచీ ఒకటే వాన. కొబ్బరి దింపు ఆగిపోయింది. దింపువాళ్ళు చెట్టెక్కితే కాలు జారుతోందంటున్నారు. అత్తయ్యగారు వేసవిలో పెట్టిన మాగాయ జాడీ సగానికి ఉంది. పన్నెండో రోజు దాటాక కూడా ఎవరమూ దాని మూత తియ్యలేదు. తీస్తే తినెయ్యాలి, తినేస్తే అయిపోతుంది అన్నట్టుగా ఉంది మాకు.

బస్సెక్కేటప్పుడు మీరు నన్ను పక్కకి పిలిచి, "అమ్మకి స్కానింగు తీసేరా దుర్గా?" అని అడిగారు. "తియ్యలేదండి" అన్నాను. బస్సు కదిలిపోయింది. అమలాపురం ఆస్పత్రిలో ఆ ఇంటెన్సివ్ కేర్ గదిలో స్కానింగు మెషీను ఉంది, డాక్టర్లకి దానిమీద పాఠం చెబుతున్నారు, అని కూడా అంతకుముందు మీతో అన్నాను. అవన్నీ నిజాలే వదినా. మీరు తిండి మానకండి.

మీ మరదలు
విజయదుర్గ

✦

భిలాయి,
3-9-2008

దుర్గా,

ముత్యాల్లాంటి అక్షరాలే నీవి! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు? మూడేళ్ళలో నీ నోటి నుంచి విన్న మాటలన్నీ కలిపినా ఆ ఉత్తరమంత ఉండవు. రాస్తూ ఉండు. ఇక్కడ అమ్మ గురించి మాట్లాడుకోవడానికి నాకెవరూ లేరు. మీ అన్నయ్యగారు నేను మొదలెట్టగానే పేపరు అడ్డం పెట్టుకుంటారు, ఏడుస్తానని భయం.

ఇప్పుడు అసలు సంగతి. మా క్వార్టర్సులో చిన్నతల్లి అని శ్రీకాకుళం పిల్ల ఉంది. ఆస్పత్రిలో నర్సు. అమ్మకెలా అయిందో అంతా చెప్పాను. ఆయాసం, కాళ్ళ వాపు, రెండో రోజుకి బీపీ పడిపోవడం. ఆ పిల్ల ఏమందో తెలుసా? "గుండె చుట్టూ నీరు చేరినా అలాగే ఉంటాదక్కా. ఇప్పుడు స్కానింగు మెషీను మంచం దగ్గరికే తెచ్చి చూస్తన్నారు. నీరుంటే సూది పెట్టి తీసేస్తారు. కొందరు లేచి కూర్చుంటారు" అంది.

లేచి కూర్చుంటారట దుర్గా.

ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు అన్నం దిగడం లేదు. మెషీను ఉంది, నేర్పేవాడు ఉన్నాడు, నేర్చుకునేవాళ్ళు ఉన్నారు, మా అమ్మ మీద పెట్టడానికే చేతులు రాలేదా? పల్లెటూరి ముసలమ్మే కదా అనుకున్నారా? నేను ఊరుకోను. ఆస్పత్రివాళ్ళకి అర్జీ రాస్తున్నాను. ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు నాకు వెంటనే రాయి. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు, పేరు రాస్తే చాలు. మాట్లాడే పని నాది.

లక్ష్మీతులసి

✦

మలికిపురం,
15-9-2008

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అంది ఆరు రోజులైంది. రోజూ రాద్దామని కూర్చుంటున్నాను. ఈ మధ్య మన ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. అత్తయ్యగారుంటే జున్ను ఎవరెవరికి పంపాలో చెప్పేవారు. నాకు తెలియక వీధిలో అందరికీ పంపేశాను, మనకి మిగల్లేదు.

అర్జీ వద్దు వదినా. పోయినావిడ తిరిగి రారు కదా. ఆ డాక్టరుగారు చెడ్డవారు కాదు. పేరు నాగసతీష్, కుర్రవారే. అత్తయ్యగారికి ఆయాసం వస్తుంటే నర్సుని పిలవకుండా తనే దిండు సర్దారు. "ఏం పెద్దమ్మా, కోడలు బాగా చూస్తోందా?" అని అడిగారు. అంత ఆయాసంలోనూ అత్తయ్యగారు, "ఆయ్, చూత్తాదండి, మాటే మాటాడదు" అన్నారు. ఆయన నవ్వారు. అలాంటాయన మీద అర్జీ ఎందుకు?

మీరు అనుకున్నట్టు వాళ్ళు చిన్నచూపు చూడలేదు. ఇంతకంటే ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. దయచేసి వదిలెయ్యండి.

విజయదుర్గ

✦

భిలాయి,
2-10-2008

దుర్గా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అర్థమైంది. నిన్నెవరో బెదిరించారు. లేకపోతే పేరు రాస్తూనే వదిలెయ్యమనడం ఏమిటి? భయపడకు. నీ వెనక నేనున్నాను.

అర్జీ పంపేశాను. మా తమ్ముడు రమణ నీకు చెప్పాడో లేదో, సోమవారం ఆస్పత్రికి వెళ్ళాడు. ఫోనులో నాకంతా చెప్పాడు. ఆ నాగసతీష్ ఏమన్నాడో విను. "రెండుసార్లు అడిగేనండి, మీ ఆవిడే వద్దన్నారు" అన్నాడట! మన రమణకి ఒళ్ళు మండిపోయింది. "మా ఆవిడా! పెళ్ళయి మూడేళ్ళయ్యింది, కూరలో ఉప్పు చాల్లేదని నాతోనే చెప్పదండి. అయిదుగురు డాక్టర్లని వద్దని పంపేసిందా? ఎవరికి చెబుతారండీ కబుర్లు!" అని అందరి ముందూ అడిగేశాడు. వద్దన్నట్టు సంతకం చేయించిన కాగితం చూపించమన్నారు మేనేజరు. లేదట. ఎక్కణ్ణుంచి వస్తుంది?

చూశావా, తన తప్పు నోరులేని దాని మీదకి నెట్టడం! నాకు అమ్మ పోయిన దుఃఖం ఒకెత్తు, మా ఇంటి కోడలి మీద వేసిన ఈ నింద ఒకెత్తు. అతణ్ణి డ్యూటీ నుంచి ఆపారు. ఆ మెషీను పాఠాలు కూడా ఆపించారట, గొడవలెందుకని.

దీంతో ఒక కాగితం పెడుతున్నాను. "డాక్టర్లు నన్ను ఏమీ అడగలేదు, నేను వద్దనలేదు" అని రాశాను. కింద నీ సంతకం పెట్టి రమణకియ్యి. అంతే. దాంతో అతని సంగతి తేలిపోతుంది.

నువ్వు మా అమ్మకి చేసిన సేవ నాకు తెలుసు. నా సొంత చెల్లెలైనా అలా చేసేది కాదు.

లక్ష్మీతులసి

✦

మలికిపురం,
12-10-2008

వదినా,

మీరు పంపిన కాగితం మీద సంతకం పెట్టలేదు. నాగసతీష్ గారు చెప్పింది నిజం. నన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వద్దన్నాను.

ఈ మూడు వాక్యాలూ రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇక్కడితో ఈ ఉత్తరం చింపేసినా నేనేమీ అనుకోను. చదివితే మాత్రం చివరిదాకా చదవండి.

అత్తయ్యగారిని చేర్చిన రెండో రోజు పొద్దున్న మీ తమ్ముడు ఆవిడ పాత మందుల చీటీలు తెస్తానని ఇంటికి వెళ్ళారు. సాయంత్రానికి వస్తానన్నారు. గదిలో నేనొక్కదాన్నే. విశాఖ నుంచి ఒక పెద్ద డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చి, ఆ గదిలో పనిచేసే డాక్టర్లకి చిన్న స్కానింగు మెషీను నేర్పుతున్నారు. చక్రాల బల్ల మీద పెట్టి మంచం మంచానికీ తోసుకొస్తారు. పక్క మంచం మీద ఒక ముసలాయన ఉన్నారు. ఆయన చొక్కా విప్పి, ఛాతీ మీద జిగురులాంటిది రాసి, దాని మీద పిడిలాంటిది ఆనించారు. పెద్ద డాక్టరుగారు సతీష్ గారి చెయ్యి మీద తన చెయ్యి వేసి, పిల్లలకి పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, "ఇటు కాదు, కొంచెం పక్కటెముకల సందులోకి... ఆ, ఇప్పుడు చూడు" అంటున్నారు. టీవీలో బొమ్మ పోయినప్పుడు వచ్చే చినుకుల్లా ఏదో కదిలింది. అందరూ వంగి చూశారు. ఎవరో చెయ్యి తప్పుగా పెట్టారు కాబోలు, మిగతావాళ్ళు నవ్వారు.

ఆ నవ్వు అత్తయ్యగారు విన్నారు. నా మణికట్టు పట్టుకుని, "దుర్గా, నన్నలా చూపించకే. ఆ మూకని నా దగ్గరికి రానివ్వకు" అన్నారు. మీకు తెలుసు కదా, మావయ్యగారు పోయినప్పటి నుంచీ ఆవిడ రవిక తొడగలేదు. ఒంటి మీద పైటొక్కటే. నీళ్ళు పోసేటప్పుడు నన్ను కూడా అటు తిరగమనేవారు.

తరవాత మా మంచం దగ్గరికి వచ్చారు. సతీష్ గారు ముందు, వెనక నలుగురు మగ డాక్టర్లు. "అమ్మా, మేం దీనిమీద నేర్చుకుంటున్నామండి. పెద్దావిడ గుండె ఓసారి చూస్తాం. అయిదు నిమిషాలే. పైట కొంచెం పక్కకి తియ్యాలి" అన్నారు.

"వద్దండి" అన్నాను.

"చూస్తే మంచిదమ్మా."

"మా వారొచ్చేక అడగండి."

వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంతవరకే అయితే అత్తయ్యగారి మాట నిలబెట్టానని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఇప్పుడు రాసేది మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. నేను మాట్లాడితే ఒకరు ఆగడం నా బతుకులో ఎప్పుడూ లేదు వదినా. ఆ పూట నేను ఒక్క మాటంటే అంత చదువుకున్న అయిదుగురు వెనక్కి తిరిగారు. నాకు భయం వెయ్యలేదు. గర్వంలాంటిదేదో కలిగింది. అత్తయ్యగారు మణికట్టు వదిలి, నా చెయ్యి నిమిరారు.

గంట తరవాత సతీష్ గారు ఒక్కరే వచ్చారు. "అమ్మా, ఇంకెవరూ రారు. నేనొక్కణ్ణే చూస్తాను. సావిత్రిగారిని కూడా పక్కన ఉండమంటాను. పెద్దావిడకి బీపీ తగ్గిపోతందండి" అన్నారు. సావిత్రిగారు అక్కడ నర్సు. అప్పటికి అత్తయ్యగారు మగతలో ఉన్నారు. పిలిస్తే పలకలేదు. నేను సరే అంటే ఆవిడకి తెలిసేది కూడా కాదు. మీ తమ్ముడి ఫోను నంబరు కాగితం నా చెంగున ముడేసి ఉంది. ఒక్కసారి ఫోను చేసిపెట్టండని అడగచ్చు. పరాయివాళ్ళని అడగడానికి సిగ్గేసింది. వద్దనడానికి వెయ్యని సిగ్గు అడగడానికి వేసింది.

మనింట్లో సరే అనడానికి మగవాళ్ళు కావాలి. వద్దనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా చేతిలో ఉన్న మాట అదొక్కటే. మళ్ళీ అదే అన్నాను.

"అయితే వద్దన్నట్టు సంతకం పెట్టాలమ్మా" అని కాగితం చాపారు. నా చేతిలోంచి పెన్ను కింద పడింది. ఆయన వంగి తీసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు. "పోనీలెండి, కంగారు పడకండి. మీ వారొచ్చేక మాట్లాడతాను" అన్నారు. నా మీద జాలిపడి తీసుకోని ఆ కాగితమే ఇప్పుడు ఆయన మీదకి వచ్చింది.

మీ తమ్ముడు వచ్చేసరికి అయిదున్నర. అప్పటికి పావుగంట క్రితమే అంతా అయిపోయింది.

తరవాత ఇంటికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, స్కానింగు తీశారా అని. తియ్యలేదండి అన్నాను. ఎందుకు తియ్యలేదని ఎవరూ నన్ను అడగలేదు. డాక్టర్ల గురించి వాళ్ళే ఏదో ఒకటి అనుకున్నారు. మీ తమ్ముడు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి జరిగింది చెప్పారే గాని, నిజమేనా అని అడగలేదు. అడిగితే నన్ను అవమానించినట్టవుతుందనుకున్నారు. మీరు నా తరపున కోప్పడ్డ ప్రతి ఉత్తరం నాకు చెంపదెబ్బలా తగిలింది.

రేపు ఆయనకి చెబుతాను. ముందు మీకు రాయకపోతే రేపు కూడా ఏదో వంక పెట్టుకుంటానని తెలుసు. అందుకే పోస్టులో వేసి వచ్చాకే చెబుతాను.

క్షమించమని అడగను.

విజయదుర్గ

✦

భిలాయి,
30-10-2008

విజయదుర్గకి,

ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను.

నీ స్థానంలో నేనున్నా వద్దనేదాన్నని రాస్తే నీకు ఊరటగా ఉంటుందేమో. చిన్నతల్లి అలాగే రాయమంది. రాయలేను. నేనైతే ఒప్పుకునేదాన్ని. అమ్మ నన్ను తిట్టేది. తిట్టడానికి ఉండేదేమో.

అమ్మ అడిగిందని మొదటిసారి వద్దన్నావు, అది నాకు మింగుడుపడుతుంది. అమ్మ మాట ఎవరం దాటేవాళ్ళం కనక! రెండోసారిదే నాకు పడటం లేదు. ఎన్నిసార్లు చదివినా అక్కడికొచ్చి ఆగిపోతున్నాను.

ఆ అబ్బాయి మీద అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రాసి పంపేశాను. నేను రాస్తే చాలదు. ఇన్నాళ్ళూ వాళ్ళు నమ్మింది నీ మౌనాన్ని. నీ నోటితో నువ్వే వెళ్ళి చెప్పు. చెప్పాక ఏం జరిగిందో ఒక్క ఉత్తరం రాయి. దాని తరవాత కొన్నాళ్ళు నాకు రాయకు. సంవత్సరీకానికి వస్తాను. అప్పటికి నీ చేతి అన్నం తినగలనో లేదో ఇప్పుడు చెప్పలేను.

లక్ష్మీతులసి

✦

మలికిపురం,
20-11-2008

వదినగారికి నమస్కారాలు.

మీరు రాయమన్న ఒక్క ఉత్తరం ఇది.

సోమవారం అమలాపురం వెళ్ళాం. మీ తమ్ముడు తీసుకెళ్ళారు. నేను చెప్పిన రోజు నుంచీ ఆయన నాతో అవసరానికే మాట్లాడుతున్నారు. కంచంలో పెట్టింది తింటారు, లేచిపోతారు. బస్సులో నా పక్కన చోటున్నా ముందు సీట్లో కూర్చున్నారు. ఆస్పత్రి మెట్ల దగ్గర మాత్రం ఆగి, "నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగారు. "నేనే చెప్తానండి" అన్నాను.

మేనేజరు గదిలో పెద్ద డాక్టరుగారు, సతీష్ గారు ఉన్నారు. సావిత్రిగారు మంచినీళ్ళు ఇచ్చారు. తరవాత మీకు రాసినట్టే చెప్పాను. గర్వం సంగతి కూడా. మీ తమ్ముడు తలొంచుకుని, "సతీష్ గారూ, ఆ వేళ నోటికొచ్చినట్టు అనేసేనండి" అన్నారు. సతీష్ గారు, "కాగితం తీసుకోకపోవడం నా తప్పేనండి. ఇంకోసారి ఇలా చెయ్యకూడదని తెలిసింది" అన్నారు. ఆయన్ని మర్నాటి నుంచే డ్యూటీకి రమ్మన్నారు. పాఠాలు మళ్ళీ మొదలెడతామన్నారు.

వచ్చేద్దామని లేస్తుంటే పెద్ద డాక్టరుగారు నన్ను ఆగమన్నారు. "మెషీను ఎక్కడ పెట్టాలో నేను నేర్పుతున్నాను గాని ఎలా అడగాలో నేర్పలేదమ్మా. మొదలెట్టే రోజు వచ్చి వీళ్ళకి ఓ మాట చెబుతావా?" అన్నారు. నేను మీ తమ్ముడి వైపు చూశాను. ఆయన, "దాని ఇష్టమండి" అన్నారు. మూడేళ్ళలో ఆ మాట ఆయన నోట వినలేదు. కోపంతో అన్నారో, ఇంకెలా అన్నారో తెలియలేదు.

నిన్న వెళ్ళాను. ఎనిమిదిమంది డాక్టర్లు, వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు. నేలకేసి చూస్తూ చెప్పాను. "నేర్చుకుంటున్నామని ముందు అన్నారండి. మీ అత్తగారి కోసమని ముందు అనలేదు. అయిదుగురూ ఒకేసారి వచ్చేరు. ఒక దుప్పటి అడ్డం పెడతామని అనలేదు. పక్క మంచం దగ్గర నవ్వేరు." ఒకాయన రాసుకుంటున్నారు. ఒక డాక్టరమ్మగారు, "అవన్నీ సరిగ్గా చేసి ఉంటే సరే అనేవారా?" అని అడిగారు. అవునంటే బాగుంటుందని అందరూ అనుకుంటున్నట్టు అనిపించింది. తప్పు కొంచెం వాళ్ళవైపు కూడా జరుగుతుంది. "తెలీదండి" అన్నాను. నిజంగా తెలియదు వదినా. రెండోసారి ఆయన ఒక్కరే వచ్చారు కదా.

తరవాత పాఠం మొదలైంది. మూడో మంచం మీద రాజోలు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పేరు అప్పలమ్మగారు. కోడలు పక్కన నిలబడి ఉంది. సతీష్ గారు ఆ అమ్మాయితో, "మీ అత్తగారి ఆయాసం ఎందుకో చూడ్డానికమ్మా. నేనూ, ఈ డాక్టరమ్మగారూ ఉంటాం. మిగతావాళ్ళు బయటే ఉంటారు" అని నెమ్మదిగా చెప్పారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేనెవరో దానికి తెలియదు, ఆడదాన్ని కదా అని చూసింది. ఏం చెప్పాలో తోచక, మంచం కింద ఉన్న దుప్పటి తీసి రెండు చేతులా ఎత్తి అడ్డంగా పట్టుకున్నాను. రెండో అంచు ఆ అమ్మాయి పట్టుకుంది. అటు మొహం తిప్పుకుని నిలబడ్డాం.

దుప్పటి వెనక నుంచి మాటలు వినపడుతున్నాయి. డాక్టరమ్మగారి చెయ్యి సతీష్ గారు దిద్దుతున్నట్టున్నారు. "కొంచెం కిందకి. నొక్కద్దు. ఊపిరి పీల్చండమ్మా. అదిగో, గుండె. చుట్టూ చూడండి. నల్లగా ఏమైనా ఉందా? లేదు. నీరు లేదు." పైట సర్ది, పెద్దావిడని అడిగి, దుప్పటి దించమన్నారు. చేతులు లాగేశాయి. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

బయటికొస్తుంటే సతీష్ గారు వరండాలో కనిపించారు. ఇన్నాళ్ళూ అడగాలని ఉన్నది అప్పుడు అడిగాను. "మా అత్తయ్యగారికి నీరు ఉండేదాండీ?"

ఉండేదంటారేమోనని ఒక భయం, ఉండేది కాదంటే నమ్మేస్తానేమోనని ఇంకో భయం.

"తెలీదమ్మా. చూడలేదు కదా" అన్నారు.

చూడనివ్వలేదు కదా అనచ్చు వదినా. ఆయన అనలేదు. మెట్లు దిగేటప్పుడు ఆ మాట నేను అనుకున్నాను.

విజయదుర్గ